డిసెంబర్ల అమ్మ బాపును తీస్కొని మస్కట్ పోతున్నం, ఒమన్ల ఏం చూపియ్యాలె? మాల్స్ కాకుండ చెప్పున్రి

నయీంనగర్ నాని (హన్మకొండ)

అందరికి నమస్తే. మా తమ్ముడు మస్కట్ల పనిచేస్తడు, ఎప్పటిసందో అమ్మను బాపును ఒక్కసారన్న రమ్మని ఒకటే పోరు, వరికోతలు అయినంక వస్తం అయినంక వస్తం అని జరుపుకుంట జరుపుకుంట ఈసారి ఎట్లనో ఒప్పుకున్నరు. డిసెంబర్ల ఓ వారం అనుకుంటున్నం, నేను సుత ఎంట పోత. ఇగ కత ఏందంటె మా తమ్ముని ప్లాన్ చూస్తె మొదటిరోజు ఒక మాల్, రెండోరోజు ఇంకో మాల్, ఆ తర్వాత కార్ల దుబాయ్ పోయి బుర్జ్ ఖలీఫా కింద ఫోటో. బాపుకు మాల్ల ఏం పని చెప్పున్రి? ఆయన చుట్టాలను వరంగల్ కోటకు తీస్కపోతె గైడుకు సందియ్యడు, రామప్ప చెరువు మత్తడి పోస్తున్నదంటె బస్సెక్కి పోయి చూసొస్తడు. పరకాల దిక్కు మాకు చెరువు కింద పొలం ఉంది, నీళ్ళ ముచ్చటొచ్చిందంటె ఇగ ఆయన్ని ఆపుడు కష్టం.

అమ్మ ఇంతవరకు సముద్రం చూడలే. విశాఖ పోదాం పూరీ పోదాం అనుకుంటనే ఏండ్లు గడిచిపోయినయ్. ఎక్కడికి పోయినా ముందుగాల గుడి ఉందా అని అడుగుతది, ముస్లిం దేశంల గుళ్ళు ఉంటయా ఉండయా నాకు తెల్వది.

ఒమన్ల దక్షిణం దిక్కున్న సలాలా వీడియోలు చూసిన, కేరళ లెక్క పచ్చగ, మంచు, జలపాతాలు, మస్తుంది, డిసెంబర్ల పోతె గట్లనే ఉంటదా? ఈడ ఓ ట్రావెల్స్ ఆయన మస్కట్, సలాలా, ముసందం అన్నీ ఐదు రోజుల్ల తిప్పేస్త అంటుండు, నాకైతె నమ్మబుద్ధి కాలే. బాపుకు మోకాళ్ళ నొప్పులున్నయ్, మెట్లు ఎక్కుతడు గని మెల్లగ. కోటలు, సముద్రం, జర కొండలు గిట్ల ఉండాలె. తెలిసినోళ్ళు చెప్పున్రి.

మస్కట్ల మనోడు (జగిత్యాల)

తమ్మీ, ముందుగాల ఆ ట్రావెల్స్ ఆయనకు ఓ దండం పెట్టి పక్కకు జరుగు. మస్కట్ నుంచి సలాలా రోడ్డు మీద దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు, నడుమంత ఎడారే. ముసందం ఏమో దేశానికి తెగిపోయినట్టు పైన మూలకు ఉంటది, నడుమ యూఏఈ ఉంది, రోడ్డు మీద పోవాలంటె వాళ్ళ వీసా సుత కావాలె. ఐదు రోజుల్ల ఈ మూడూ అంటె అమ్మ బాపు కార్లనే ఉంటరు, చూసుడు ఏముండదు.

డిసెంబర్ మాత్రం ఖరారు చేసుకో, గంతకన్న మంచి టైం లేదు. మే జూన్ల మస్కట్ల నలభై దాటుతది, పెద్దమనుషులు బయట అడుగు పెట్టలేరు, డిసెంబర్ల పగలు పాతిక డిగ్రీల కాడ ఉంటది.

మీ బాపు గురించి నువ్వు రాసింది చదివినంక నాకు ఒక్కటే ఊరు మతికొచ్చింది, నిజ్వా. మస్కట్ నుంచి 160 కిలోమీటర్లు, రోడ్డు అద్దం. ఆడ రాత్రి ఉండున్రి, పొద్దుగాల పోయి మాపటికి తిరిగొచ్చే పని పెట్టుకోకున్రి. ఆడ కోట ఉంటది, 17వ శతాబ్దం నడుమ ఇమామ్ (అప్పట్ల ఆడ ఏలెటోళ్ళను గట్లనే అనెటోళ్ళు) సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిండు, 1650ల పోర్చుగీసోళ్ళను మస్కట్ నుంచి ఎల్లగొట్టింది సుత ఆయననే. గుండ్రటి బురుజు ఒకటే ఒక్కటి, ముప్ఫై మీటర్ల ఎత్తు, ఫిరంగి గుండు తగిలినా కదలకుండ కింద సగం దాంక లోపల మన్ను రాళ్ళు నింపేసిండ్రు. పైకి పోయే మెట్లదారి ఇరుకు, మలుపు మలుపుకు ఓ తలుపు, ప్రతి తలుపు మీద కప్పుల ఓ రంధ్రం. శత్రువు తలుపు కాడ ఆగంగనే పైనుంచి సలసల కాగే ఖర్జూరపు పాకం పోసేటోళ్ళు. ఆ పాకం ఎట్ల వస్తదో సుత ఆడనే చూడొచ్చు, ఓ చీకటి గదిల నేల మీద వరుసగ గాళ్ళు కొట్టినట్టు ఉంటయ్, ఖర్జూరపు బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తె కింది బస్తాల మీద బరువు పడి రసం కారి ఆ గాళ్ళల్లకెళ్ళి ఓ కుండలకు పోతది, మోటర్ లేదు మిషిన్ లేదు. మీ బాపు ఆ గదిల కూసుంటడు చూడు.

ఇగ అసలు ముచ్చట నీళ్ళది. ఒమన్ల ఫలజ్ అని ఉంటయ్, కొండ అడుగున బాయి తవ్వి ఆడికెళ్ళి భూమి లోపట్నే సన్నటి వాలుతోని కాల్వ తవ్వుకుంట కిలోమీటర్ల కొద్ది తెచ్చి ఊరి కాడ బయటికి తీస్తరు. కరెంటు అక్కర్లేదు, రాత్రి పగలు పారుతనే ఉంటయ్. ఇప్పటికి మూడు వేల దాంక పనిచేస్తున్నయ్, అండ్ల ఐదింటిని 2006ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలకు తీసుకున్నది, ఫలజ్ దారిస్ నిజ్వాలనే ఉంది, పక్కన పార్కు సుత ఉంది, నడిచే బాధ ఎక్కువ ఉండదు. కాల్వ బయటికొచ్చిన కాడ ముందుగాల తాగే నీళ్ళు, దాని కింద మసీదు, స్నానాలు, అటెన్క ఖర్జూరం తోటలు. ఎవ్వరి వంతు ఎంతసేపో టైం లెక్కన పంచుకుంటరు, గడియారాలు లేనప్పుడు పగలు నీడ చూసి రాత్రి చుక్కలు చూసి వంతు మార్చెటోళ్ళంట. మన చెరువు కింద నీరటి లెక్కనే ఆడ సుత నీళ్ళు చూస్కునే మనిషి ఉంటడు. నాకైతె కోటకన్న ఇదే ఎక్కువ నచ్చింది, చూసెటోళ్ళు మాత్రం ఓ ఫోటో దిగి రెండు నిమిషాల్ల ఎళ్ళిపోతరు, ఏం చెప్తం.

నిజ్వా పక్కనే జబల్ అఖ్దర్, పచ్చకొండ. బిర్కత్ అల్ మౌజ్ కాడ పోలీస్ చెక్‌పోస్ట్ ఉంటది, ఫోర్ బై ఫోర్ బండి లేకుంటె పైకి పోనియ్యరు, మీ తమ్మునిది చిన్న కారైతె ఇప్పుడే చూసుకొమ్మను. పైన రెండు వేల మీటర్ల కాడ మెట్ల పొలాలు, దానిమ్మ చెట్లు, గులాబి తోటలు. గులాబీలు ఏప్రిల్ల పూస్తయ్, డిసెంబర్ల పూలుండయ్ గని లోయ ఉంటది. స్వెటర్లు మర్చిపోకున్రి, ఆడ రాత్రి చలి మామూలుగ ఉండదు.

సిరిసిల్ల అక్క

నాని తమ్మీ, మా ఆయన పని మీద మేము మస్కట్ల ఉన్నం, మా అత్తమ్మ వాళ్ళు సుత వచ్చి పోయిండ్రు. జగిత్యాల అన్న చెప్పిందంత నిజమే గని ఆయన అమ్మను మర్చిపోయిండు, మొత్తం బాపు కోసమే రాసిండు 😄

అమ్మకు గుడి ఉంది. పాత మస్కట్ల సుల్తాన్ ప్యాలెస్ దిక్కు మోతీశ్వర్ మందిర్, శివుడు, హనుమంతుడు సుత ఉన్నడు. వందేండ్లకన్న పాతది, కచ్ నుంచి వ్యాపారానికి వచ్చిన భాటియాలు కట్టించిండ్రు. 2018 ఫిబ్రవరిల మోదీ వచ్చినప్పుడు ఆ గుడికే పోయిండు, టీవీల చూసే ఉంటరు. సోమవారం పొద్దుగాల తీస్కపో, అమ్మ దిల్ ఖుష్ అయితది. మస్కట్లనే రువీ దిక్కు కృష్ణ మందిరం సుత ఉంది.

గుడి నుంచి మత్రా దగ్గర్నే. సాయంత్రం ఐదింటికి మత్రా ఒడ్డుకు తీస్కపోయి నడిపియ్యున్రి, బండలు పరిచిన దారి, కూసునెతందుకు అరుగులు, మోకాళ్ళకు ఇబ్బంది లేదు. ఒక దిక్కు సముద్రం, ఇంకో దిక్కు నల్లటి గుట్టలు, నడుమ తెల్లటి ఇండ్లు. ఆడనే మత్రా సూక్, పాత బజారు. ఊదు పొగ, అత్తర్, ఎండి కత్తులు, ఇత్తడి బొడిపెల చెక్క పెట్టెలు, లోపల సన్న సందులు, సగం దుకాణాలల్ల హిందీ మాట్లాడుతరు కాబట్టి అమ్మ సుత బేరం చెయ్యొచ్చు. చెప్పిన రేటుకు కొనకున్రి, సగం నుంచి మొదలువెట్టున్రి. ఒక రియాల్ అంటె మనకు రెండొందల రూపాయలు దాటుతది, వెయ్యి బైసలైతె ఒక రియాల్, "రెండే కదా" అని ఇచ్చేసి తర్వాత లెక్కేస్కుంటె గుండె గుభేల్మంటది.

సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మాస్క్ (పెద్ద మసీదు) తప్పకుండ చూపియ్యి. 2001ల తెరిచిండ్రు, రాయి మన ఇండియా నుంచే పోయింది, మూడు లక్షల టన్నుల ఇసుకరాయి. లోపల ప్రార్థన హాల్ల ఒకటే తివాచీ, 21 టన్నుల బరువు, ఇరాన్ల ఆరు వందల మంది ఆడోళ్ళు నాలుగేండ్లు నేసిండ్రు. నేత ఊరి పిల్లను కాబట్టి నేనైతె పైన కప్పుకు వేలాడే గాజుదీపం వదిలిపెట్టి ఆ తివాచీ అంచు కాడనే వంగి చూసుకుంట ఉన్న, 170 కోట్ల ముడులంటరు, ఎక్కడ అతుకు పెట్టిండ్రో ఎంత ఎతికినా దొరకలే. ముస్లింలు కానోళ్ళను పొద్దుగాల 8 నుంచి 11 దాంక రానిస్తరు, శుక్రవారం రానియ్యరు, పోయే ముందు ఒకసారి టైం చూస్కోన్రి. అమ్మ చీరల పోతె జాకెట్టు చేతులు పొడుగుండాలె, తల మీద కొంగు జారుతుంటది కాబట్టి ఓ స్కార్ఫ్ పిన్ను పెట్టు. నడుము కనవడుతె గేటు కాడ ఆపుతరు, అబాయా (పైనుంచి వేసుకునే పొడుగు అంగీ) కిరాయికి తీస్కోవాల్సొస్తది. బాపుకు పాయింట్ వేయించు, పంచె కట్టుకస్త అంటె గేటు కాడ ఏమంటరో ఎందుకొచ్చిన పంచాయితి.

తిండికి రంది లేదు, రువీల ఇడ్లీ దోశ హోటళ్ళు ఎన్నో. ఎవ్వలన్న ఒమానీలు ఇంట్లకు పిలిస్తె ఖర్జూరం, కహ్వా ఇస్తరు, యాలకులేసిన కాఫీ, చక్కెర ఉండదు. కప్పు ఖాళీ అయితుంటె పోస్తనే ఉంటరు, చాలనిపిస్తె కప్పు పట్టుకొని అటు ఇటు ఊపాలె. మా అత్తమ్మకు ఇది తెల్వక వద్దన్న కొద్ది పోసిండ్రు, ఆ రాత్రి నిద్రపోలే.

నయీంనగర్ నాని (హన్మకొండ)

అక్కా అన్నా మస్తు థాంక్స్. మోతీశ్వర్ గుడి అనంగనే అమ్మ ఇప్పటికిప్పుడే బ్యాగు సర్దేటట్టున్నది. బాపుకు ఫలజ్ గురించి చదివి చెప్పిన, "వాలు ఎట్ల చూసిండ్రు లెవెల్ మిషిన్ లేకుండ" అని నన్నే అడుగుతుండు, నేనేం చెప్పాలె. ఇంకోటి, ఈడ కోటల గురించి తెలిసినోళ్ళు ఉన్నరా? నిజ్వా ఒక్కటి చాలా, ఇంకా చూడాల్నా? సూర్ అని ఓ ఊరు సముద్రం ఒడ్డుకు ఉందంట, ఆడికి పోతె ఎట్లుంటది?

ఖిలా మాస్టారు (వరంగల్)

వాలు సంగతి మీ బాపు అడిగింది సరైన ప్రశ్ననే. కొండ కాడి నుంచి ఊరి దాంక వరుసగ నిలువు గుంతలు తవ్వుతరు, పైనుంచి చూస్తె ఎలుక బొక్కలు లైనుగ ఉన్నట్టు కనవడుతది, ఒక గుంత నుంచి ఇంకో గుంతకు కింద సొరంగం తొలుస్తరు. గాలి ఆడుతది, మన్ను పైకి తోడొచ్చు, తర్వాత పూడిక తీసెతందుకు సుత అవే గుంతలు. మన తూములను చూసినోళ్ళకు ఇది చప్పున అర్థమైతది.

కోటల్ల నిజ్వా పోయినోళ్ళు బహ్లా వదలొద్దు, కార్ల అరగంట దూరం. మన వరంగల్ కోట చూసిన మనిషికి అదైతెనే మతికుంటది, ఎందుకంటె అది మట్టికోట. రాతి పునాది మీద పచ్చి ఇటుకలు, అంటె కాల్చనియి, దాని మీద మట్టి పూత. 12 నుంచి 15వ శతాబ్దం దాంక ఏలిన బనూ నభాన్ వంశపోళ్ళ రాజధాని. ఊరు, తోటలు అన్నీ కలిపి చుట్టూర 12 కిలోమీటర్ల మట్టిగోడ ఉండేది, ఇప్పటికీ ముక్కలు ముక్కలుగ కనవడుతది. 1987ల ఒమన్ నుంచి యునెస్కోకు పోయిన మొదటి కట్టడం ఇదే, మరుసటి ఏడే ఆపదల ఉన్న జాబితాల పెట్టిండ్రు, వానకు కరిగిపోతున్నదని. రిపేర్లు అయినంక 2004ల తీసేసిండ్రు. లోపల నిజ్వాల లెక్క సామాన్లు, బోర్డులు పెద్దగుండయ్, ఖాళీ గదులు, మెట్లు, నీడలు. కొందరికి బోర్ కొడుతది, నాకైతె నిజ్వాకన్న ఇదే నచ్చుతది, నీట్‌గ సున్నమేసి మ్యూజియం చేసిన కోటల్ల నాకు మనసు పట్టదు. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు పైదాంక ఎక్కకున్నా కింద తిరిగితె చాలు. టైం ఉంటె జబ్రీన్, అది కోటకన్న ఇల్లు అనాలె, 17వ శతాబ్దంల ఇమామ్ బిలారబ్ కట్టించిండు, కప్పు చెక్కల మీద ఎర్ర రంగు పూల తీగలు ఇంక చెక్కుచెదరలే. ఆయన సమాధి సుత ఆ ఇంట్లనే ఉంది.

ఇగ సూర్ దారి. మస్కట్ నుంచి సూర్ పోతుంటె సూర్ రాకముందు ఖల్హాత్ వస్తది. ఇప్పుడు చూస్తె రాళ్ళ కుప్పలు, బీబీ మరియం సమాధి ఒక్కటి నిలవడి ఉంది, గుమ్మటం సగం కూలింది. గని ఒకప్పుడు ఇరాన్ దిక్కున్న హర్మూజ్ రాజ్యానికి ఇది పెద్ద రేవు. ఇటలీ యాత్రికుడు మార్కో పోలో రాసిండు, ఈడికెళ్ళి మంచి అరబ్ గుర్రాలు ఓడల్ల ఇండియాకు పోతయని. అదే మార్కో పోలో ఆంధ్ర తీరంలున్న మోటుపల్లి రేవు గురించి సుత రాసిండు, రాణి పాలిస్తున్న రాజ్యం అని, ఆ రాణి మన రుద్రమదేవినే అని చరిత్రకారులు అంటరు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244ల మోటుపల్లిల శాసనం వేయించిండు, తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తె ఇంతకుముందు రాజులు అంత గుంజుకునెటోళ్ళు, నేను సుంకం తప్ప ముట్టనని. రెండు రేవులూ ఒకే కాలంల నడిచినయ్, ఖల్హాత్‌ను 1508ల పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ తగలవెట్టిండు. 2018ల యునెస్కోల చేరింది. ఒక్కొక్కసారి కంచె దాటి లోపటికి పోనియ్యరు, అడిగి పోన్రి.

సూర్ల చెక్క ఓడలు కడుతరు, ధో అంటరు, టేకు మన మలబారు నుంచే పోయేది. కర్ర వాసన, సముద్రపు గాలి, లైట్‌హౌస్, అమ్మకు సముద్రం మంచిగ కనవడుతది. ఆడికెళ్ళి ఇంకా ముందుకు పోతె రాస్ అల్ జింజ్, రాత్రి పచ్చ తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతయ్. గని అవి ఎక్కువ వచ్చేది మే నుంచి సెప్టెంబర్ దాంక, డిసెంబర్ల ఒకటో రెండో రావచ్చు, రాకపోవచ్చు, దానికోసం పెద్దోళ్ళను అర్ధరాత్రి ఇసుకల నడిపియ్యకు.

భూపాలపల్లి బొగ్గుబాయి

నేను సింగరేణిల రాళ్ళు చూసే పని, కాబట్టి నా పైత్యం నేను చెప్త, నచ్చకుంటె దాటెయ్యున్రి.

మస్కట్ నుంచి నిజ్వా పోతుంటె రోడ్డుకు రెండు దిక్కుల ముదురు గోధుమరంగు, నల్ల గుట్టలు వస్తయ్, చెట్టు లేదు చేమ లేదు, చానమంది "ఏముంది, మొండి గుట్టలు" అని ఫోన్ చూస్కుంట పోతరు. అవి మామూలు గుట్టలు కావు, సముద్రం అడుగు. నీళ్ళ కింద ఉండాల్సిన భూమి పొర, దాని కిందున్న రాయి, మొత్తంకు మొత్తం కోట్ల ఏండ్ల కింద నేల మీదికి ఎగదోసుకొచ్చింది. మామూలుగైతె ఆ రాయి చూడాలంటె సముద్రం అడుగుకు కిలోమీటర్ల లోతు బోరెయ్యాలె, ఒమన్ల కారాపి చెయ్యి పెట్టి చూడొచ్చు, ప్రపంచంల ఇంత పెద్దగ ఇంత మంచిగ బయటపడ్డది ఇంకోటి లేదని జియాలజీ పుస్తకాలల్ల ఉంటది. నల్లరాయి మీద తెల్లటి గీతలు కనవడుతె ఆగి చూడున్రి, వాన నీళ్ళు, గాలిల ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఆ రాయితోని కలిసి తెల్లటి ఖనిజంగ గట్టిపడ్డయి అవి.

అటెన్క జబల్ షమ్స్ దిక్కు పోతె రాయి మారుతది, సున్నపురాయి. మూడు వేల మీటర్ల ఎత్తు, ఒమన్ల అన్నిటికన్న పెద్ద కొండ. వాదీ ఘుల్ లోయ అంచు కాడ నిలవడితె కింద వెయ్యి మీటర్ల లోతు. రెయిలింగ్ అన్ని చోట్ల ఉండదు, ఫోటోల కోసం అంచుకు పోకున్రి, మన పిలగాండ్లు ఊకోరు కదా.

సూర్ దారిల బిమ్మా సింక్‌హోల్ తప్పకుండ ఆగాలె. నేల మీద గుండ్రటి గుంత, లోపల నీలం ఆకుపచ్చ కలిసిన నీళ్ళు. ఆకాశం నుంచి చుక్క రాలి పడ్డదని ఆడి జనం చెప్పుకుంటరు, నిజానికి కింద సున్నపురాయి నీళ్ళకు కరిగి బోలై పైకప్పు కూలింది. కిందికి మెట్లున్నయ్, బాపు పైన గోడ కాడ నిలవడి చూసినా సరిపోతది, చుట్టు పార్కు చేసిండ్రు. వాదీ షాబ్ అని ఇంకా ముందుకు ఉంటది, వీడియోలల్ల అదే చూపిస్తరు, చిన్న పడవ మీద దాటి, నలభై నిమిషాలకన్న ఎక్కువ రాళ్ళ మీద నడిచి, ఈదుకుంట పోయి గుహలున్న జలపాతం చూడాలె. మోకాళ్ళ నొప్పులతోని వద్దే వద్దు. నీకు పోవాలనుంటె అమ్మ బాపును తీవీ బీచ్ కాడ నీడకు కూసోవెట్టి నువ్వు పోయిరా.

ఒక మాట గట్టిగ చెప్తున్న, వాదీ అంటె ఎండిపోయిన వాగు. ఆకాశం మబ్బు పట్టినా, కొండల దిక్కు ఉరుము ఇనవడ్డా, మీ మీద చినుకు పడకున్నా సరే, వాగుల కారు దింపొద్దు. కొండ మీద వాన పడితె రాతిల ఇంకదు, గోడ లెక్క నీళ్ళొస్తయ్. 2024 ఏప్రిల్ల వచ్చిన వరదల బడి పిల్లలు సుత కొట్టుకపోయిండ్రు. ఆడి పోలీసోళ్ళు పారే వాగు దాటినోళ్ళకు జుర్మానా వేస్తరు, మంచిదే.

కోరుట్ల సలాలా

అందరు సలాలాను కొట్టిపారేస్తున్నరు, నేను ఆడనే ఉంట కాబట్టి ఒక్క మాట చెప్పనియ్యున్రి. నాని చూసిన వీడియోలు ఖరీఫ్ సీజన్‌వి, జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాంక. మనకు వానలు తెచ్చే నైరుతి గాలులే సలాలా వెనకున్న గుట్టలకు తగులుతయ్, రోజంత సన్నటి జల్లు, మంచు, గుట్టలు పచ్చగైతయ్, ఒంటెలు గడ్డిల తిరుగుతయ్, గల్ఫ్ దేశాల జనమంత చల్లదనానికి అప్పుడే వచ్చి పడుతరు. అక్టోబర్ దాటినంక గుట్టలు మళ్ళ గోధుమరంగే. డిసెంబర్ల జలపాతం చూస్త అని వస్తె ఖాళీ రాయి చూసి పోతరు, అది నిజం.

గని జలపాతాలు ఒక్కటేనా సలాలా అంటె? రోడ్డు పొంటి కొబ్బరి తోటలు, అరటి తోటలు, కొబ్బరి బోండాల దుకాణాలు. లోబాన్ చెట్టు ఈడ పెరుగుతది, బెరడుకు చిన్నగ గాటు పెడితె పాల లెక్క కారి గట్టిపడుతది, మన దర్గాల కాడ ధూపం వేసినట్టు దాన్ని నిప్పుల మీద వేస్తరు. ఆ లోబాన్ ఓడలకెక్కిన పాత రేవు సుంహురం, ఖోర్ రోరి అనే సముద్రపు పాయ ఒడ్డుకు రాతి గోడలు ఇంక ఉన్నయ్, ఆ తవ్వకాల్ల ఇండియా నుంచి వచ్చిన చిన్న కంచు బొమ్మ సుత దొరికింది. లోబాన్ నేల అని ఈ జాగలన్నీ కలిపి 2000ల యునెస్కో తీసుకున్నది. ముగ్సైల్ కాడ రాతి రంధ్రాలకెళ్ళి సముద్రం పైకి చిమ్ముతది, అలలు జోరుగున్నప్పుడు పిల్లలు కేకలే కేకలు.

పెద్దోళ్ళతోని వారం రోజులకు మాత్రం నేను సుత వద్దనే అంట. సలాలాకు ఇంకోసారి ఖరీఫ్‌ల రాన్రి, నేరుగ ఇక్కడికే.

నయీంనగర్ నాని (హన్మకొండ)

అయితె ఇగ ఇట్ల అనుకుంటున్న. మొదలు మస్కట్ల రెండు మూడు రోజులు, గుడి, మత్రా, గ్రాండ్ మాస్క్. అటెన్క నిజ్వాల రెండు రాత్రులు, కోట, ఫలజ్, బహ్లా, ఓ పూట పచ్చకొండ. ఆఖరుకు సూర్ దిక్కు ఒక రోజు, బిమ్మా సింక్‌హోల్, ఖల్హాత్, సముద్రం. దుబాయ్ కట్, తమ్ముడు మూతి ముడుచుకుండు గని అమ్మ చెప్తె సప్పుడు చెయ్యలే. మందులు, వీసా గురించి ఎవ్వలన్న చెప్పున్రి. నిజ్వాకు ఏ రోజు పోతె మంచిది?

మస్కట్ల మనోడు (జగిత్యాల)

ప్లాన్ బాగుంది. వీసా రాయల్ ఒమన్ పోలీస్ ఈవీసా సైట్లనే చేసుకో, మీ తమ్ముడు ఆడనే ఉన్నడు కాబట్టి ఆయనతోనే చేయించు, రూల్స్ మారుతుంటయ్ కాబట్టి నడుమ ఏజెంట్ మాట ఇని పైసలు కట్టకు. హైదరాబాద్ నుంచి మస్కట్‌కు డైరెక్ట్ ఫ్లైట్లున్నయ్, నడుమ దిగి మారే టికెట్ తక్కువకొచ్చినా అమ్మ బాపుతోని తీస్కోకు, బాపుకు వీల్‌చైర్ టికెట్ తీసేటప్పుడే రాయించు, సిగ్గుపడుతడు గని ఎయిర్‌పోర్ట్ల ఆ నడకకు మోకాళ్ళు ఊరుకోవు. బీపీ షుగర్ గోలీలు డాక్టర్ చీటీ ఎంట పెట్టుకొని స్ట్రిప్పులతోనే తేవాలె, విడిగ డబ్బాల పోసి తేవద్దు. సకినాలు, గారెప్పలు ఎంతన్న తెచ్చుకోన్రి, గసాలు మాత్రం బ్యాగుల పెట్టకున్రి, గల్ఫ్ల వాటితోని జైలుకు పోయినోళ్ళున్నరు. మసాలా పొడుల్ల సుత కలిపి ఉంటయ్, అమ్మను అడుగు.

నిజ్వాకు గురువారం మాపటికల్ల చేరుకోన్రి. శుక్రవారం పొద్దుగాల కోట పక్కనే మేకల అంగడి ఉంటది. అరబ్బులు మేకలను, ఆవులను తాడు పట్టుకొని గుండ్రంగ తిప్పుతరు, కొనెటోళ్ళు రెండు దిక్కుల నిలవడి చెయ్యి అడ్డం పెట్టి ఆపుతరు, పండ్లు చూస్తరు, పొదుగు చూస్తరు, రేటు కేకేస్తరు, వద్దనుకుంటె మళ్ళ తిప్పుతరు. మీ బాపు ఆ వరుసల నిలవడి ఒక మేకను ఆపినా ఆపుతడు, జర పట్టుకో. ఎండ ఎక్కేలోపట అయిపోతది, కాబట్టి ఏడింటికల్ల ఆడ ఉండాలె. శుక్రవారం గ్రాండ్ మాస్క్ ఎట్లనూ మనకు బంద్, మస్కట్ల ఉండి చేసేది సుత ఏం లేదు. అంగడి అయినంక టిఫిన్ చేసి కోటకు పోన్రి, శుక్రవారం నమాజ్‌కు మూసే టైం గేటు కాడ ముందుగాల అడుగు.